దానిమ్మ ఇంటి అమ్మ

మా పెద్దమ్మాయి పోయిందన్న కబురు బడి బంట్రోతు తెచ్చాడు. నేను మిరపచేలో కలుపు తీస్తున్నాను. గట్టు మీద నిలబడి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మంచినీళ్ళు తాగన్నా" అంటే వద్దని తల ఊపాడు. గురజాల నించి ఎండన పడి వచ్చిన మనిషి నీళ్ళొద్దన్నాడంటే అది చావుకబురే. మా ఆడపిల్లలిద్దరూ ఆ బడి బోర్డింగులోనే ఉండి చదువుకుంటున్నారు. "ఏ బిడ్డన్నా?" అని అడిగాను. ఏ తల్లీ నోటంట అనగూడని మాట అది.

"పెద్దమ్మాయమ్మా. తెల్లారగట్ల. జ్వరం తలకెక్కింది" అన్నాడు.

నాకింకా ఏడుపు రాలేదు. "చిన్నదానికి ఒళ్ళు వెచ్చగా ఉందా?" అని ఆయన చొక్కా పట్టుకొని అడిగాను. లేదమ్మా, బాగుంది అన్నాడు. అప్పుడు కూలబడ్డాను. ఆ రోజు నించి నాకు ఏడుపు ఒక పాలైతే భయం మూడు పాళ్ళు.

నాది వానాకాలం చదువు. బైబిలు కూడబలుక్కొని చదువుతాను, ఉత్తరమ్ముక్క రాస్తాను, అంతే. పెద్ద దొరసానమ్మగారు "నీ కుమార్తెను గూర్చి నీవే వ్రాయుము, మన బడి పత్రికలో వేసెదము" అన్నారు. ఆమె తెలుగు అట్టానే ఉంటది, వాక్యం చదివినట్టు. నాకు రాయడం రాదమ్మగారూ అంటే, "ఆమెను నీవు ఎరుగుదువు గదా, అది చాలును" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే పంతులమ్మలు దిద్దుకోండి.

ఇది చదివే తల్లుల బిడ్డలు కూడా ఆ బళ్ళోనే ఉన్నారు. మీకొక మాట ముందే చెప్తాను. పెద్దదాన్ని మట్టి చేసిన రోజే చిన్నదాన్ని నాతో ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని మళ్ళా ఆ బడికి పంపాలా, కొంగుకు ముడేసుకొని ఇంట్లోనే పెట్టుకోవాలా? ఇన్నాళ్ళూ నా గుండెల మీద రోలు మాదిరి కూర్చున్నది ఈ మాటే. పెద్దదాన్ని తలుచుకోవాలని కూర్చుంటే చాలు, ఈ మాట అడ్డమొస్తది.

మేం దాచేపల్లి పక్క పల్లెటూరోళ్ళం. మా ఇంటాయన గనిలో నాపరాళ్ళు చీలుస్తాడు. నేను మొదట్నించీ పిరికిదాన్నే. పెద్దదాన్ని ఆ బళ్ళో దించి వచ్చిన రోజు అన్నిటికీ భయపడ్డాను. బావి లోతని భయం. దొరసాని కుక్క దూడంత ఉందని భయం. మోకాళ్ళ దాకా లాగులేసుకొని ఆడపిల్లలు డ్రిల్లు చేస్తంటే, చూసినోళ్ళు ఏమనుకుంటారోనని భయం. బంతాటలో పళ్ళు రాలతయ్యేమోనని భయం. ఇంటికొచ్చి మా ఇంటాయనతో ఇవన్నీ ఏకరువు పెడితే, "నీకు భయం లేనిది ఏదన్నా ఉంటే అది చెప్పు, తొందరగా అయిపోద్ది" అన్నాడు.

ఆ బడి మామూలు బడి కాదు. పంతులమ్మల్లో ఇద్దరు సముద్రాల అవతల నించి వచ్చినోళ్ళు, ఒకావిడ మలయాళం మనిషి. యుద్ధం మొదలయ్యాక సముద్రం ఒడ్డునున్న బడొకటి ఎత్తేసి ఆ పిల్లల్ని గూడ ఇక్కడికే తెచ్చి కలిపారు. బర్మా దేశంలోని రంగం నించి అడవుల్లో పడి నడిచొచ్చిన పిల్లలొచ్చారు. రైలు గార్డు కూతురొకతె, పిల్లికళ్ళ తెల్లపిల్ల, వచ్చింది. గురజాల దర్జీ సాయిబు బిడ్డ, మా బోటి కూలోళ్ళ బిడ్డలు సరేసరి. పొద్దున్నే గంట కొడితే నాలుగు భాషల్లో గొణుక్కుంటా లేస్తారు.

వీళ్ళందర్నీ కలిపి ఉంచడానికి అక్కడొక పద్ధతి పెట్టారు. బోర్డింగు పాకను ఇళ్ళు ఇళ్ళుగా పంచారు. ఇంటికో పొయ్యి, ఇంటి ముందు ఒక చెట్టు. చెట్టు పేరే ఇంటి పేరు. అక్కచెల్లెళ్ళను మాత్రం విడదియ్యరు గానీ, ఒక ఊరోళ్ళు, ఒక కులపోళ్ళు, ఒక భాషోళ్ళు ఒకే ఇంట్లో ఉండగూడదు. పెద్ద తరగతి పిల్ల ఒకతె ఆ ఇంటికి అమ్మ. వండాల, పేలు చూడాల, జడలెయ్యాల, తగూలు తీర్చాల. మా పెద్దమ్మాయి దానిమ్మ ఇంటికి అమ్మయింది. ఇంట్లో సంకటి గిన్నె దించమంటే చెయ్యి కాలిందని గోల చేసే పిల్ల, ఆరుగురికి వండిందంటే నమ్మలేకపోయాను.

తల్లుల్ని పిలిచే రోజున పోయి చూశాను. ఆ రోజు తల్లులెవురూ పని ముట్టుకోగూడదు, బిడ్డే వండి వడ్డించాల. మా అమ్మాయి పీట వేసి, గోంగూర పచ్చడి, జొన్నన్నం పెట్టింది. పిల్లలు వరసగా కూర్చున్నారు. గార్డు కూతురు పళ్ళెం కొట్టుకుంటా ఏడుస్తంది, ఆకలని. మా అమ్మాయి దాని ముందు నించే నడిచిపోయి చివరన గమ్మున కూర్చున్న రంగం పిల్లకు ముందు పెట్టింది. నేను ఊరుకోలేక, "ఏమే, ఏడ్చే పిల్లను పెట్టుకొని..." అన్నాను.

"ఏడ్చేదానికి నోరుందమ్మా. నోరులేనిదానికి ముందు పెట్టాల" అంది.

ఆ మాట అప్పటికేదో మాటలే అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆ రంగం పిల్ల తల్లి దారిలోనే పోయిందని. వచ్చిన కొత్తలో ఎవురితోనూ మాట్టాడేది కాదంట. భోజనాలయ్యాక ఆ పిల్లే నా దగ్గరికొచ్చి చీర కొంగు పట్టుకొని "అమ్మమ్మా, నీళ్ళు" అని చెంబిచ్చింది. అమ్మకు అమ్మను గాబట్టి అమ్మమ్మనంట. నాకింకా తలలో తెల్ల వెంట్రుక రాలేదు, అప్పుడే నన్ను అమ్మమ్మను చేసి కూర్చోబెట్టారు. 

సాయంత్రం సభ. ప్రతి ఇంటివాళ్ళూ ఒక పాటో నాటకమో ఆడాల. దానిమ్మ ఇంటోళ్ళది అత్తాకోడళ్ళ నాటకం. అత్త ఎవురనుకున్నారు? గార్డు కూతురు. పిల్లికళ్ళు ఉరిమి, నడుం మీద చెయ్యేసి, "ఏమే కోడలా! సంకటి అడుగంటిందే, నీ పుట్టింటోళ్ళు ముక్కులు కోసి పంపారా?" అంటే దొరసానమ్మగారితో సహా అందరూ కడుపులు పట్టుకున్నారు. ఆ మాట మా అత్తగారిది. మా అమ్మాయి దాన్ని అంత దూరం మోసుకుపోయి ఆ తెల్లపిల్ల నోట్లో పెట్టింది.

దానికొక అలవాటుండేది. పడుకునే ముందు అందరూ ఉన్నారో లేదో చూడ్డానికి పేర్లు పిలవదు, ఒక్కొక్కరి తల ముట్టుకుంటా పోతది. సెలవలకు ఇంటికొచ్చినా అదే. నా తల, వాళ్ళ నాయన తల, చెల్లెలి తల, చివరకు గుంజకు కట్టేసిన మేకపిల్ల తల గూడ. "దాన్నేం చేసుకుంటావే, అది బడికి రాదు గదా" అని వాళ్ళ నాయన నవ్వేవాడు. "ఇంట్లో ఉన్నాక లెక్కే నాయనా" అనేది.

పోయిన ఎండాకాలం మా పక్కింటి సాయిబుల అక్క ఒక మాట తెచ్చింది. ఆమె గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగే మనిషి. గాజులతో పాటు మాటలు గూడ ఆ మలారంలోనే వస్తై. మా గడప మీద కూర్చొని గొంతు తగ్గించి చెప్పింది: "బడికాడ గోతులు తవ్వుతున్నారంటనే. పిల్లకో గొయ్యంట. ఎక్కడో ఏటి మీద వంతెన నిలవక కూలిపోతంటే, బలియ్యడానికి దిక్కులేని పిల్లల్ని జమ చేశారంట దొరలు. రంగం నించి అందుకే తెచ్చారంట."

నేనప్పటికే లేచి తలుపుకు గొళ్ళెం పెడుతున్నాను.

"నేను నమ్మలేదులే" అంది అక్క. "కానీ ఎందుకైనా మంచిది, పొయ్యి చూసిరా."

ఆ పూటే బయల్దేరాను. దారి పొడుగునా నాకు వంతెన స్తంభాలే కనపడినై. బడి ప్రహరీ దాటేసరికి నిజంగానే మట్టి దిబ్బలు! పెద్ద గొయ్యి, పాము పాకినట్టు వంకరటింకరగా, ఆటస్థలం అంచున ఈ చివర నించి ఆ చివర దాకా. నేను పెట్టిన కేకకు మా అమ్మాయి చేటతో పరుగెత్తుకొచ్చింది. విషయం చెప్తే పకాపకా నవ్వింది.

"పూడ్చడానికైతే ఇంత వంకరగా ఎందుకు తవ్వుతారమ్మా? తవ్వింది మేమే. గాలిమోటార్లు వచ్చి బాంబులేస్తే దాక్కోడానికి కందకం."

గోతుల భయం పోయింది. బాంబుల భయం పట్టుకుంది. అదివరకు నాకు యుద్ధమంటే కిరసనాయిలు దొరక్కపోవడమే.

అదే రోజు అన్నాల వేళ గంట మోగింది. బడి గంట మోగినట్టు గాదు, ఊరికి నిప్పంటుకున్నట్టు, ఊపిరి తిప్పుకోకుండా. అలవాటు చేయించే గంట గాదని పంతులమ్మల మొహాలు చూస్తేనే తెలిసింది. పైన మోత. ఆకాశంలో రాళ్ళు దొర్లుతున్నట్టు. నేను పళ్ళెంలో చెయ్యి పెట్టి అట్టానే బిగుసుకుపోయాను.

దానిమ్మ ఇంటి పిల్లలు మాత్రం లేచి వరస కట్టారు. ఒకరి జడ ఒకరు పట్టుకున్నారు. అదీ మా అమ్మాయి నేర్పిందే. చెయ్యి చెయ్యి పట్టుకుంటే అడ్డంగా పరిగెత్తి పడిపోతారంట, జడ పట్టుకుంటే ఒకే దారిన పోతారంట. రంగం పిల్లకు జ్వరమొచ్చి జుట్టు తీసేశారు, దానికి జడ లేదు. దాని గౌను వెనక ఒక చీరపేలిక అల్లి కుట్టింది మా అమ్మాయి, ఇదే నీ జడ అని. నన్ను రెక్క పట్టి లేపి, "అమ్మా, చెల్లి జడ పట్టుకో. నీ వెనక నేనుంటా" అంది.

"నువ్వు ముందుండవే, దారి చూపియ్యి!" అని అరిచాను.

"తల్లి ముందు నడవగూడదమ్మా. ముందు పోయేదానికి వెనక ఎవురు రాలిపోయారో తెలవదు."

కందకంలో కూర్చున్నాం. మా అమ్మాయి అందరి నోళ్ళల్లో వేప్పుల్ల పెట్టింది. మోతకు పళ్ళు కొరుక్కోకుండా నోట్లో ఏదన్నా పెట్టమని సర్కారోళ్ళు చెప్పారంట, ఈమె వేప్పుల్లలు కోసి పెట్టుకుంది. నా నోట్లోనూ ఒకటి దూర్చింది. చేదు. "చేదు మింగే పనిలో ఉంటే ఏడుపు మర్చిపోతారు" అంది. తను మాత్రం కందకం మొదట్లో, పైకి వీపు పెట్టి, మమ్మల్ని చూసుకుంటా కూర్చుంది. నా ఒళ్ళో చిన్నదాని గుండె పిట్ట గుండె మాదిరి కొట్టుకుంటంది. రంగం పిల్ల కళ్ళు మూయలేదు, రెప్ప వెయ్యలేదు. ఆ పిల్ల రంగంలో బాంబులు పడటం ఇదివరకు చూసింది గదా. ఆ కళ్ళను చూస్తే నాకు పైన మోత కన్నా ఎక్కువ భయమేసింది. ప్రభువా, ఈ గొయ్యి గొయ్యిగానే ఉండనియ్యి, సమాధి చెయ్యొద్దు అని మొక్కుకున్నాను.

మోత పోయింది. మన గాలిమోటారేనంట. గార్డు కూతురు నోట్లో పుల్ల తీసి, "మనోళ్ళయితే చెప్పి రావొద్దూ! అన్నం చల్లారిపోయింది" అంది. పిల్లలందరూ నవ్వుకుంటా, అదే పుల్లతో పళ్ళు తోముకుంటా పైకొచ్చారు. నేను మాత్రం కందకంలోనే ఉండిపోయాను. మా అమ్మాయి చంకలు పట్టి ఎత్తింది.

"ఇంటికి పోదాం పదవే. ఇద్దరూ రండి. చదివింది చాలు" అన్నాను. ఏడ్చాను గూడ.

"నేనొస్తే వీళ్ళ వెనక ఎవురు నడుస్తారమ్మా?" అంది. కోప్పడలేదు. నా ముక్కు తన పైట చెంగుతో తుడిచింది, పసిపిల్లకు తుడిచినట్టు. చిన్నదాన్ని రమ్మంటే అక్క వెనక దాక్కుంది. ఒక్కదాన్నే ఇంటిదారి పట్టాను.

వానలొచ్చినై. కందకంలో నీళ్ళు నిలిస్తే పెద్దపిల్లలు బకెట్లతో తోడిపోశారంట. చలిజ్వరాలు వచ్చినై. ఆ నీళ్ళ వల్లనా, పల్నాడంతా ఉన్న దోమల వల్లనా, ఎవురు చెప్పగలరు? మా ఊళ్ళోనూ ఆ నెలలో పాడెలు లేచినై. నేను ఎవుర్నీ ఒక మాట అనను. కొయినా మందు దొరకని రోజుల్లో గూడ ఎక్కడో తెప్పించి పోశారు. దొరసానమ్మగారే పక్కన కూర్చొని తడిగుడ్డలు వేశారు. బావికి, కుక్కకు, బంతికి, బాంబులకు భయపడ్డాను. దోమకు మాత్రం భయపడలేదు. అదే నన్ను తినేస్తంది. ఎటు చూసి భయపడాలో తెలిస్తే భయం గూడ ఒక ఆసరా.

బడి గుళ్ళో తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. దొరసానమ్మగారు నా చేతులు పట్టుకొని ఏదో చెప్పబోయి, "ఈ మాటకు నా యొద్ద తెలుగు లేదు" అని ఆగిపోయారు. నా దగ్గర మాత్రం ఉందా?

చిన్నదాన్ని తెచ్చుకున్నాక, లేవగానే దాని నుదురు ముట్టుకోవడం, అన్నం తిన్నాక ముట్టుకోవడం, ఆడుకొనొస్తే ముట్టుకోవడం. దగ్గితే పొయ్యి మీది గిన్నె వదిలేసి పరుగెత్తేదాన్ని. చెరువుకాడికి పోనియ్యలేదు, వానలో తడవనియ్యలేదు, పొద్దుగూకితే గడప దాటనియ్యలేదు.

పోయినోళ్ళ ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక ప్రార్థనకు మలయాళం పంతులమ్మ దానిమ్మ ఇంటి పిల్లల్ని తీసుకొని మా ఊరొచ్చింది. మా ఇంట్లో చాప మీద వరసగా కూర్చున్నారు. పాట పాడమంటే పాడలేకపోయారు. ప్రార్థనయ్యాక రంగం పిల్ల నన్నడిగింది.

"అమ్మమ్మా, చెల్లిని ఎప్పుడు పంపిస్తావు?"

"పంపనమ్మా."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పంతులమ్మ చెప్పింది. ఒక ఇంటికి అమ్మ లేకపోతే కొత్త అమ్మను పిల్లలే ఎంచుకోవాలంట. ఇంట్లో పిల్లలందరూ కలిసి ఒక పెద్దపిల్ల పొయ్యి దగ్గరకు పోయి కూర్చోవాల, అదే ఎన్నిక. ఒక్కరు తక్కువైనా చెల్లదు. "మేం పద్ధతి మార్చి పెడతామంటే పిల్లలే ఒప్పుకోలేదు. చెల్లి రానీ అంటున్నారు" అంది.

"మరి మీకిప్పుడు ఎవురు వండుతున్నారే?" అని అడిగాను.

"పక్కిళ్ళోళ్ళు, వంతులేసుకొని" అంది దర్జీ సాయిబు బిడ్డ. చాప ఈనె లాగుతా, "తలలు మాత్రం ఎవురూ ముట్టుకోరు" అంది.

నేను లేచి పెరట్లోకి పోయాను. పంపుతానని మాత్రం అనలేదు. అనలేకపోయాను. వాళ్ళు పోతంటే చిన్నది గడప లోపలే నిలబడింది, నేను దాటొద్దన్నాను గాబట్టి.

సాయిబుల అక్క అదంతా చూసి, మర్నాడు నా ముందు మలారం దించి కూర్చుంది. "ఇంట్లో పెట్టుకుంటే చావు రాదని నీకెవురు చెప్పారే? మా తమ్ముడి బిడ్డ ఏ బడికి పోయిందని పోయింది? మీ ఇంటెదురుగానే గదా, వాళ్ళమ్మ ఒళ్ళోనే గదా?"

"గోతుల్లో పూడుస్తారని చెప్పింది నువ్వే గదక్కా!"

"చెప్పాను. గాజులమ్మేదాన్ని, నాలుగు మాటలు చెప్పకపోతే నాలుగు చేతులు ముందుకు రావు. నా మాటలు నమ్మి బిడ్డను పెంచుతావా?" అంది. కోపమొచ్చింది నాకు. బిందె తీసుకొని నీళ్ళకు పోయాను.

ఆ తర్వాత ఒక పొద్దున నేను పొయ్యి రాజేస్తున్నాను. చిన్నది చాప మీద లేచి కూర్చుంది. నన్ను చూడలేదు. చెయ్యి తిరగేసి తన నుదురు మీద పెట్టుకుంది. తర్వాత మెడ కింద. నేను చేసినట్టే, అదే వరసన. చూసుకొని, ఇంకా చావలేదులే అన్నట్టు చెయ్యి దించుకొని, గోడ చూస్తా కూర్చుంది. అంత పసిది. అక్క దగ్గర అది జడ పట్టుకొని పరిగెత్తడం నేర్చుకుంది. నా దగ్గర ఇది నేర్చుకుంది. పొగ పొగగానే ఉంది పొయ్యి, నాకు ఊదబుద్ధి కాలేదు.

"బడికి పోతావటే?" అన్నాను. 

నా మొహం చూసింది, నిజమా కాదా అని. "అమ్మను ఎంచుకోవాలి గదా" అంది.

నా భయం పోయిందని ఇది చదివే తల్లులు అనుకోవద్దు. పోలేదు. ఇది రాస్తా గూడ దాని ఒళ్ళు ఎట్టా ఉందోననే అనుకుంటున్నాను. భయం పోయినాక పంపుదామంటే ఈ జన్మకు పంపలేను. అందుకని భయాన్ని నా దగ్గరే అట్టిపెట్టుకొని బిడ్డను పంపాను.

దాచేపల్లిలో బస్సెక్కించాను. తోడుగా బంట్రోతే వచ్చాడు. ఈ యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుల మీద నడుస్తున్నై గదా, జనం నిండేసరికి ఊరు దాటగానే ఎత్తు కాడ ఆగిపోయింది. నేనింకా బస్సు వెంబడే నడుస్తన్నాను, వదల్లేక. "దిగండి, దిగి తొయ్యండి" అని డ్రైవరు కేకేశాడు. మగోళ్ళు దిగి వీపులు ఆనించారు. కదల్లేదు. తోసేవాళ్ళలో ఒక ముసలాయన నన్ను చూసి, "ఏమ్మా, చూస్తా నిలబడ్డావు? నీ బిడ్డ గూడ ఇందులోనే గదా, ఓ చెయ్యెయ్యి" అన్నాడు.

చెంగు బిగించి రెండు చేతులూ వేశాను. కాళ్ళు కంకర్లో జారినై. పళ్ళు బిగబట్టి తోశాను. లోపల బిడ్డ ఉంది, నేనే తోస్తున్నాను. బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఎత్తెక్కి, ఊపందుకుంది. మగోళ్ళందరూ కేకలేసుకుంటా పరుగెత్తి ఎక్కేశారు. రోడ్డు మీద నేనొక్కదాన్నే మిగిలాను. బస్సు అందనంత దూరం పోయినా, చేతులు ముందుకు చాపుకొని, ఆ దుమ్ములో ఇంకా నడుస్తానే ఉన్నాను.